కేటలాగ్‌లో ఖాళీ గడి: ఆర్కైవ్ మెటాడేటాను పాఠకులకు ఒకే తీరుగా చూపించిన పని

"ఉత్తరాలు, 1931–1934." మా ఆన్‌లైన్ కేటలాగ్‌లో ఒక ఫైల్ పేజీ తెరిస్తే చాలాకాలం కనిపించింది ఇంతే. పైన రిఫరెన్స్ కోడ్, కింద "పరిమాణం: 1", ఆ కింద వరసగా లేబుళ్లు, వాటి ఎదురుగా ఖాళీ. ఎవరి ఉత్తరాలు? ఎవరికి రాసినవి? వచ్చి చూడొచ్చా, లేదా? పేజీ ఏమీ చెప్పదు. పై నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చినవాళ్లకు మాత్రం అన్నీ తెలుస్తాయి: ఇవి ఒక ఇంజనీరు కుటుంబం దాచిన కాగితాలు, అందులో రెండో సిరీస్ ఆయన ఉద్యోగకాలపు ఉత్తరప్రత్యుత్తరాలు, ఆ సిరీస్‌లో ఇది నాలుగో ఫైల్. కానీ అలా దిగి వచ్చేవాళ్లు తక్కువ. ఎక్కువమంది సెర్చ్ ఇంజిన్‌లో ఏదో వెతుక్కుంటూ నేరుగా ఫైల్ పేజీ మీదకే వస్తారు.

ఆ పబ్లిక్ పేజీలను సరిచేసే పని నాకు అప్పగించారు. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఇంకా ఏది తేలలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఆర్కైవ్స్‌లో, లైబ్రరీల్లో, మ్యూజియంలలో ఇదే పనిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

చిక్కు ఎక్కడుంది

మా వివరణలు ఒక్కరు రాసినవి కావు, ఒక్క కాలంలో రాసినవీ కావు. చేతిరాత కార్డులు, టైపు చేసిన జాబితాలు, స్ప్రెడ్‌షీట్లు, ఒక పాత డేటాబేస్ అన్నీ కలిసి ఒకే సిస్టమ్‌లోకి వచ్చి చేరాయి. అవి చేరినా, రాసినవాళ్ల అలవాట్లు అలాగే మిగిలాయి. ఒక కలెక్షన్‌లో "తేదీ" అని ఉన్నది ఇంకోదాంట్లో "కాలం", మరోదాంట్లో "సంవత్సరాలు". సెర్చ్ ఫలితాల్లో వివరాలు ఒక వరసలో వస్తే, పూర్తి పేజీలో ఇంకో వరసలో, డౌన్‌లోడ్ చేసుకునే పీడీఎఫ్ జాబితాలో మరో వరసలో వచ్చేవి.

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు తట్టేది డేటా శుభ్రం చేయడం. ఖాళీలన్నీ నింపేద్దాం, అన్నీ ఒకేలా ఉంటాయి అనిపిస్తుంది. ఆ దారిన వెళ్లకూడదని నేను మొదట్లోనే గట్టిగా చెప్పాను. వేల ఫైళ్లకు ఒక్కో గడీ నింపుకుంటూ పోతే ఆ పనికి అంతుండదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఖాళీలన్నీ ఒక రకం కావు.

ఒక ఖాళీ గడికి కనీసం నాలుగు అర్థాలున్నాయి. పై స్థాయిలో రాశాం కాబట్టి ఇక్కడ మళ్లీ రాయలేదు. వెతికాం, దొరకలేదు. ఇంకా ఎవరూ చూడలేదు. ఈ రకం రికార్డుకు ఆ ఫీల్డ్ అసలు వర్తించదు. ఈ నాలుగింటి తేడా కేటలాగర్‌కు తెలుసు. పాఠకుడికి మాత్రం నాలుగూ ఒకే ఖాళీ. మా పనంతా చివరికి ఈ నాలుగింటినీ విడదీసి చూపించడం మీదే నిలబడింది. లేబుళ్లు, రంగులు, వరస అన్నీ దాని తర్వాతే.

రాసేది ఒక్కచోట, చూపించేది అన్నిచోట్లా

అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి 1994లో తెచ్చి, 1999లో సవరించిన వివరణ ప్రమాణాన్ని మేం ఐశాడ్-జీ అంటాం. అందులో 26 అంశాలున్నాయి. వాటిలో ఆరు మాత్రం ఎక్కడికి పంపినా ఉండి తీరాలి: రిఫరెన్స్ కోడ్, పేరు, సృష్టికర్త (ఆ కాగితాలను తయారుచేసిన లేదా పోగుచేసిన మనిషి, కుటుంబం, ఆఫీసు), తేదీ, పరిమాణం, వివరణ స్థాయి (ఇది కలెక్షనా, సిరీసా, ఫైలా అన్నది). దీంతోపాటు బహుళస్థాయి వివరణకు నాలుగు నియమాలున్నాయి. పై నుంచి కిందికి వివరించు, ఆ స్థాయికి తగినదే రాయి, పైస్థాయితో లంకె చూపించు, పైన చెప్పింది కింద మళ్లీ చెప్పకు.

ఆ నాలుగో నియమమే మా ఫైల్ పేజీలను మూగగా చేసింది. అయినా అది తప్పు నియమం కాదు. సృష్టికర్త పేరు కింద ఉన్న ప్రతి ఫైల్‌లోనూ కాపీ చేసి పెట్టామనుకోండి. రేపు ఆ పేరులో ఒక అక్షరం సరిదిద్దాల్సి వస్తే సగంచోట్ల పాతదే మిగిలిపోతుంది. పైగా ఆ నియమం పుట్టింది జాబితాను కాగితం మీద మొదటి పేజీ నుంచి చదివే అలవాటులోంచి. అలా చదివే మనిషికి పైన చెప్పింది గుర్తుంటుంది. నేరుగా మధ్యలోకి వచ్చిన మనిషికి గుర్తుండటానికి ఏమీ లేదు.

కాబట్టి నియమాన్ని డేటాలో ఉంచి, స్క్రీన్ మీద సడలించాం. సమాచారం నిల్వ ఉండేది పై స్థాయిలో ఒక్కచోటే. పేజీ తయారయ్యేటప్పుడు సాఫ్ట్‌వేర్ పైకి వెళ్లి, కావాల్సింది తెచ్చి, ఎక్కడి నుంచి తెచ్చిందో చెప్పి మరీ చూపిస్తుంది. "సృష్టికర్త" ఎదురుగా పేరు, దాని పక్కనే చిన్న అక్షరాల్లో "కలెక్షన్ స్థాయి నుంచి" అని లింకు. ఇది మేం కనిపెట్టింది కాదు. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఆర్కైవ్స్‌స్పేస్ పబ్లిక్ పేజీల్లోనూ పై స్థాయి నుంచి దిగిన నోట్‌కు ముందు ఏ స్థాయిదో చెప్పే మాట ఉంటుంది. ఏ ఫీల్డ్ దిగాలో సంస్థే సెట్టింగుల్లో నిర్ణయించుకోవచ్చు.

"ఎక్కడి నుంచి" అన్న ఆ చిన్న మాటను తీసేద్దామని, పేజీ ఇరుగ్గా ఉందని డిజైన్ వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. మేం ఒప్పుకోలేదు. కలెక్షన్ మొత్తానికి "భాషలు: తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూ" అని రాసి ఉంటే, ఒక ఫైల్‌లో ఉర్దూ కాగితం ఒక్కటీ లేకపోవచ్చు. ఆ మాట లేకుండా చూపిస్తే అది ఈ ఫైల్ గురించి చెప్పిన నిజంలా చదువుతారు. అప్పుడు మనం ఖాళీని తీసి ఆ చోట అబద్ధం పెట్టినట్టే.

ఏది దిగాలి, ఏది దిగకూడదు

అసలు చర్చ ఇక్కడ జరిగింది, ఎక్కువ కాలం పట్టింది కూడా ఇక్కడే. పిల్లలకు ఇంటిపేరు పెద్దల నుంచి వస్తుంది, వయసు రాదు. ఫీల్డులూ అంతే.

సృష్టికర్త, నిల్వ ఉన్న సంస్థ, ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్న చరిత్ర, కాపీ తీసుకునే షరతులు: ఇవి దిగొచ్చు. పరిమాణం దిగకూడదు. కలెక్షన్ స్థాయిలో "120 పెట్టెలు" అని ఉంటే, ఆ సంఖ్య ఒక ఫైల్ పేజీ మీద కనిపిస్తే నవ్వులపాలవుతాం. "ఇందులో ఏముంది" అనే వివరణ కూడా యథాతథంగా దిగకూడదు. కలెక్షన్‌లో డైరీలున్నాయి, ఫోటోలున్నాయి అన్న వాక్యం ఉత్తరాల ఫైల్ మీద కనిపిస్తే పాఠకుడు ఫోటోల కోసం రిక్విజిషన్ స్లిప్ నింపుతాడు. అలాంటిచోట వివరణను దించకుండా, "కలెక్షన్ గురించి చదవండి" అని లింకు ఒక్కటే ఇచ్చాం.

తేదీ దగ్గర వాదన తెగలేదు. తేదీ లేని ఫైల్‌కు కలెక్షన్ తేదీ 1890–1965 చూపిస్తే ఏమీ లేనిదానికన్నా నయం కదా అన్నారు కొందరు. పేజీ మీద చూపించడం వరకు నయమే. కానీ అదే తేదీని సెర్చ్ ఇండెక్స్‌లోకి, అంటే వెతికినప్పుడు సాఫ్ట్‌వేర్ చూసే జాబితాలోకి పంపితే, 1940కి ఫిల్టర్ పెట్టిన ప్రతి మనిషికీ తేదీ లేని ఫైళ్లన్నీ వచ్చిపడతాయి. అందుకే చూపించడానికి ఒక నియమం, వెతకడానికి ఒక నియమం పెట్టుకున్నాం. పేజీ మీద "ఈ ఫైల్‌కు తేదీ తెలియదు, సిరీస్ 1928–1947 మధ్యది" అని ఉంటుంది. ఇండెక్స్‌లో ఆ ఫైల్ "తేదీ తెలియనివి" గుంపులోకి వెళ్తుంది. ఆ గుంపును కలుపుకోవాలా వద్దా అన్నది పాఠకుడి ఇష్టం.

తేదీలు

పాత జాబితాల్లో ఒకే సంగతి ఎన్ని రకాలుగా రాసి ఉందో చూస్తే తల తిరుగుతుంది. "సు. 1930", "1930 ప్రాంతం", "[1930]", "1930?", "30ల్లో". చతురస్ర కుండలీకరణం అంటే ఆ తేదీ కాగితం మీద లేదు, కేటలాగర్ వేరే ఆధారం నుంచి చేర్చారు అని మా వృత్తిలో అర్థం. బయటివాళ్లకు అది అచ్చుతప్పులా కనిపిస్తుంది.

ప్రతి తేదీనీ మూడు రూపాల్లో ఉంచాం. మొదటిది పాత జాబితాలో రాసింది రాసినట్టు, దాన్ని ముట్టుకోం. రెండోది మెషీన్ చదివే రూపం. దీనికి 2019లో ఐఎస్ఓ 8601 రెండో భాగంలో చేరిన ఈడీటీఎఫ్ పద్ధతి తీసుకున్నాం. అందులో 1930~ అంటే సుమారుగా, 1930? అంటే కచ్చితం కాదు, 193X అంటే 1930లలో ఏదో ఏడాది. ఈ మూడింటికీ తేడా ఉంది, పాత రాతల్లో ఆ తేడా కలిసిపోయింది. మూడోది పాఠకుడు చూసే మాట. ఇది రెండో రూపం నుంచి దానంతటదే తయారవుతుంది: "సుమారు 1930", "1930 కావచ్చు", "1930ల్లో". మనుషులు టైపు చేయరు కాబట్టి మాట ఎక్కడా మారదు. ఆర్కైవ్ జాబితాలను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పంపడానికి వాడే ఈఏడీ ఫైళ్లలో తేదీ ట్యాగ్‌కు మామూలు రాతతోపాటు మెషీన్ రూపం పెట్టే ఏర్పాటు ముందు నుంచీ ఉంది, ఎగుమతికి అది చక్కగా సరిపోయింది.

ఇంకో చిక్కు, ఏ తేదీ అన్నది. ఐటమ్‌లను, అంటే ఒక్కో ఉత్తరాన్నో ఫోటోనో, బయటి పోర్టళ్లకు పంపడానికి డబ్లిన్ కోర్ అనే సాధారణ వివరణ పద్ధతి వాడతాం. దాని మౌలికమైన 15 అంశాల్లో తేదీకి ఉన్నది ఒక్కటే. రాసిన తేదీ, స్కాన్ చేసిన తేదీ, కేటలాగ్ చేసిన తేదీ ముగ్గురూ ఆ ఒక్క కుర్చీ కోసం పోటీపడతారు. 1931 నాటి ఉత్తరం మీద స్కానింగ్ సంవత్సరం 2014 అని కనిపించిన పేజీలు మాకు దొరికాయి. చరిత్ర రాసే విద్యార్థి దాన్ని నమ్మి ఫుట్‌నోట్‌లో ఎక్కిస్తే ఆ తప్పు అచ్చులోకి పోతుంది. ఇప్పుడు పబ్లిక్ పేజీ మీద లేబుల్ లేకుండా ఏ తేదీ ఒంటరిగా కనిపించదు. 1952లో కట్టిన ఫైల్‌లో 1898 నాటి మ్యాప్ నకలు ఉంటే రెండు వరసలు వస్తాయి: "ఫైల్ తయారైనది 1952", "అసలు మ్యాప్ 1898".

"అందుబాటులో లేదు"

పాఠకుడికి అన్నిటికన్నా ముందు కావాల్సింది ఇది చూడొచ్చా లేదా అన్న జవాబు. పాత పేజీల్లో దానికి ఉన్న మాట "అందుబాటు: లేదు". ఆ రెండు ముక్కల వెనుక సంగతులు చాలా ఉన్నాయి. చట్టం ప్రకారం మూసి ఉన్న ఫైళ్లున్నాయి. అందరికీ తెరిచే ఉన్నా స్కాన్ చేయనివి ఉన్నాయి. కాగితం పొడిపొడిగా ఉండి మరమ్మతుకు పంపినవీ ఉన్నాయి. అన్నిటికీ అదే మాట. రీడింగ్ రూమ్‌కు వేరే పని మీద వచ్చిన ఒక పరిశోధకురాలు మా డెస్క్ దగ్గర అన్న మాట నాకు బాగా గుర్తుంది: "అందుబాటులో లేదని రాశారు కదండీ, అందుకే ఇన్నాళ్లూ అడగలేదు." ఆవిడ చెప్పిన ఫైల్ తెరిచే ఉంది. కేవలం స్కాన్ చేయలేదు.

పేజీ రూపం కాస్త వికారంగా ఉన్నా ఫరవాలేదు, ఇలా ఒక మనిషిని వెనక్కి పంపేయడం మాత్రం కూడదు. ఐశాడ్-జీలో చూసే షరతులు, కాపీ చేసుకునే షరతులు వేర్వేరు అంశాలు. వాటికి డిజిటల్ కాపీ సంగతి కలిపి మూడు వరసలు పెట్టాం. ఈ మూడూ ఏ పేజీ మీదా ఖాళీగా ఉండటానికి వీల్లేదు.

చూడటానికి: తెరిచి ఉంది, ఫలానా తేదీన తెరుచుకుంటుంది, ముందు అనుమతి కావాలి, ఇంకా పరిశీలించలేదు, అడిగితే చూసి చెబుతాం. కాపీకి: తీసుకోవచ్చు, షరతులున్నాయి, వీల్లేదు. ఆన్‌లైన్‌లో: ఉంది, కొంత ఉంది, లేదు, రీడింగ్ రూమ్‌లో చూడొచ్చు. ఈ పదబంధాలు జాబితాలోంచి ఎంచుకోవాల్సిందే, ఎవరూ సొంతంగా టైపు చేయరు. ఇంకా చెప్పాల్సింది ఉంటే కింద నోట్ రాయొచ్చు. మూసి ఉంచే గడువు దేశాన్ని బట్టి, చట్టాన్ని బట్టి మారుతుంది. కానీ పాఠకుడి చేత ఆ లెక్క కట్టించకూడదు, అందుకే నియమం చెప్పకుండా తెరుచుకునే తేదీనే చూపిస్తాం.

ఇక్కడ పై నుంచి దిగే పద్ధతికి ఒక మినహాయింపు పెట్టాం. సిరీస్ మూసి ఉంటే కింద ఉన్న ఫైళ్లన్నీ మూసినట్టే లెక్క. ఒక ఫైల్‌ను ఎవరైనా విప్పి చదివి, తెరవొచ్చని నమోదు చేస్తేనే అది తెరిచినట్టు కనిపిస్తుంది. రెండు స్థాయిలు వేర్వేరుగా చెబితే, పరిశీలన జరిగిందన్న గుర్తు లేనంతవరకు కట్టడి ఎక్కువ ఉన్నదే చెల్లుతుంది. ఇంకో జాగ్రత్త కూడా తీసుకోవాలి. మూసి ఉన్న ఫైల్ పేరులోనే ఒక రోగి పేరో ఒక బాధితురాలి పేరో ఉండొచ్చు. ఫైల్ మూసినా, పేజీ పైన దారి చూపే వరసలోనూ సెర్చ్ ఫలితాల్లోనూ ఆ పేరు బయటపడుతుంది. అలాంటి ఫైళ్లకు బయటికి చూపించే పేరు వేరుగా రాసి, అది మేం పెట్టిన పేరని పక్కన చెప్పాం.

పట్టిక

ఇవన్నీ నిలబడాలంటే నిర్ణయాలు ఒకచోట ఉండాలి. వేర్వేరు టెంప్లేట్లలో, వేర్వేరు డెవలపర్ల బుర్రల్లో ఉంటే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని ఒక పట్టిక తయారు చేశాం. ఒక్కో ఫీల్డ్‌కు ఒక వరస: లోపలి పేరు, బయటికి చూపే లేబుల్, పేజీలో స్థానం, పై నుంచి దిగుతుందా, ఖాళీగా ఉంటే ఏం చేయాలి, ఏ రూపంలో చూపాలి, సెర్చ్‌లోకి వెళ్తుందా. ఫైల్ పేజీ, సెర్చ్ ఫలితం, పీడీఎఫ్ జాబితా, ఎగుమతి అన్నీ ఈ ఒక్క పట్టికనే చదువుతాయి. లేబుల్ మారిస్తే నాలుగుచోట్లా ఒకేసారి మారుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రికార్డు ఉంటుంది.

అన్నిటికన్నా విలువైనది "ఖాళీగా ఉంటే" అన్న గడి. వర్తించని ఫీల్డ్ లేబుల్‌తో సహా మాయమవుతుంది. వెతికినా దొరకనిది "తెలియదు" అని కనిపిస్తుంది. ఎవరూ చూడనిది "ఇంకా నమోదు చేయలేదు" అని వస్తుంది. ఈ చివరి మాట సంస్థ పరువు తీస్తుందని కొందరు జంకారు. నాకు మాత్రం అది పరువు పెంచేదిగానే అనిపించింది. "తెలియదు" అంటే పరిశోధకుడు ఆ దారి వదిలేస్తాడు. "నమోదు చేయలేదు" అంటే వచ్చి తనే వెతుకుతాడు. పాత డేటాలో ఏ ఖాళీ ఏ రకమో తెలియనప్పుడు దాన్ని "నమోదు చేయలేదు" కిందే వేశాం.

లేబుళ్ల భాష గురించి ఎక్కువ రాయను. వృత్తి పదాలను పబ్లిక్ పేజీ మీద వదిలేశాం, "పరిధి, విషయం" బదులు "ఇందులో ఏముంది" అన్నాం. లోపలి పేర్లు మాత్రం ప్రమాణం ప్రకారమే ఉన్నాయి.

కొన్ని చిన్నవి. రిఫరెన్స్ కోడ్‌లను అక్షరాల లెక్కన పేరిస్తే 1 తర్వాత 10, 11 వచ్చి ఆ తర్వాత 2 వస్తుంది. ఫైళ్ల వరస ఆర్కైవ్‌లో అర్థమున్న వరస కాబట్టి దీన్ని వెంటనే సరిచేయాలి. పరిమాణం ఎప్పుడూ యూనిట్ లేకుండా రాకూడదు. "1" అంటే ఒక పెట్టా, ఒక ఫైలా, ఒక కాగితమా? పేజీ చిరునామాను పేరు మీద కాకుండా స్థిరమైన గుర్తింపు సంఖ్య మీద కట్టాలి, లేకపోతే పేరు సరిదిద్దిన రోజే పాత లింకులు విరుగుతాయి. లేబుల్‌నూ విలువనూ హెచ్‌టీఎంఎల్‌లో జతగా గుర్తించాలి, అప్పుడే స్క్రీన్ రీడర్ (తెర మీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఏ విలువ దేనిదో తెలుస్తుంది.

తెలుగు పేర్లతో పనిచేసేవాళ్లకు ఒక మాట. కంటికి ఒకేలా కనిపించే పేరు లోపల రెండు రకాలుగా ఉండొచ్చు. కంప్యూటర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఐత్వం ఒకే సంకేతంగానూ ఉండొచ్చు, ఎత్వం ప్లస్ పొడిగింపు గుర్తుగా రెండు సంకేతాలుగానూ ఉండొచ్చు. పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి దాగి ఉండొచ్చు. పేజీ మీద తేడా తెలియదు, సెర్చ్‌లో మాత్రం సగం రికార్డులు దొరకవు. మొదటిదానికి డేటా లోపలికి వచ్చేటప్పుడే ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చాలి, రెండోదాన్ని ఇండెక్స్‌లో పట్టించుకోకుండా వదిలేయాలి.

చూసినప్పుడు తెలిసింది, ఇంకా తేలనిది

కొత్త పేజీలను రీడింగ్ రూమ్‌కు వచ్చేవాళ్ల ముందు పెట్టి, ఏం అర్థమవుతోందో పైకి చెబుతూ వాడమన్నాం. వాళ్ల కళ్లు ముందు తేదీ మీదకు, తర్వాత చూడొచ్చా లేదా అన్న వరస మీదకు వెళ్లాయి. మేం ఎంతో శ్రద్ధగా పైన పెట్టిన వివరణ స్థాయిని ఎవరూ పట్టించుకోలేదు. "స్థాయి: ఫైల్" అన్న లేబుల్ వాళ్లకు ఏమీ చెప్పలేదు. దాని బదులు "ఈ ఫైల్ ఇందులోది" అని సిరీస్, కలెక్షన్ పేర్లను వాక్యంలా రాస్తే ఆగి చదివారు. అలాగే ఎలా ఉదహరించాలో చెప్పే వరసను పేజీ అడుగున తయారుగా ఇచ్చాం, దాన్ని కాపీ చేసుకుంటున్నారు. హెల్ప్ డెస్క్‌కు వచ్చే ప్రశ్నల తీరూ మారింది. "ఇది మూసేశారా?" అని అడిగేవాళ్లు తగ్గి, ఫలానా ఫైల్ ఫలానా రోజుకు తీసి ఉంచుతారా అని అడిగేవాళ్లు పెరిగారు.

తేలనిది ఒకటి మిగిలింది. ఒక సిరీస్‌ను మొదలుపెట్టింది ఒక విభాగం, కొన్నేళ్లకు ఆ పని ఇంకో విభాగానికి బదిలీ అయింది, రిజిస్టర్లు మాత్రం అదే వరసలో సాగాయి. మా కేటలాగ్ చెట్టులా కొమ్మలుగా అమరి ఉంది, ఒక కొమ్మకు ఒకటే మొదలు. ఏ విభాగం కింద పెట్టినా రెండో విభాగం పేరు పై నుంచి దిగడం మానేస్తుంది. అంటే సృష్టికర్త వరసలో సగం నిజమే కనిపిస్తుంది. అంతర్జాతీయ మండలి 2023లో వెలువరించిన రికార్డ్స్ ఇన్ కాంటెక్స్ట్స్ నమూనా చెట్టుకు బదులు సంబంధాల మీద నడుస్తుంది. అందులో ఒక సిరీస్‌ను ఇద్దరు సృష్టికర్తలతో, ఎవరు ఏ కాలానికి అన్నదానితో సహా కలపొచ్చు. మా సిస్టమ్ ఇంకా అక్కడికి చేరలేదు. ప్రస్తుతానికి అలాంటి సిరీస్‌లలో సృష్టికర్త పై నుంచి దిగకుండా పట్టికలో ఆపేశాం, రెండు పేర్లూ సంవత్సరాలతో సిరీస్ స్థాయిలో చేత్తో రాస్తున్నాం, కింది ఫైళ్లకు అక్కడి నుంచే దించుతున్నాం. ఫైల్ తేదీని చూసి ఇద్దరిలో సరైన పేరును మాత్రమే చూపించే నియమాన్ని ఇప్పుడు టెస్ట్ సర్వర్ మీద నడుపుతున్నాం. తేదీ రెండు విభాగాల కాలాల మీదా పరుచుకున్న ఫైళ్లకు అది రెండు పేర్లూ చూపించాలి.